ఒక్క బోల్టే కదా అనకండి

"ఐదింట్లో ఒకటే కదా పోయింది, ఇంకా నాలుగున్నాయిగా!" కారు చక్రం బోల్టు విరిగినప్పుడో, మర పోయి ఊరికే తిరుగుతున్నప్పుడో ఈ మాట చాలామంది నోట విన్నాను. అనేవాళ్లు నిర్లక్ష్యంతో అనరు. వాళ్ల లెక్క వాళ్లకుంది. ఐదు బోల్టులు కలిసి చక్రాన్ని మోస్తున్నాయి, ఒకటి పోతే ఐదో వంతు బలం తగ్గుతుంది, తయారుచేసినవాళ్లు ఆ మాత్రం ఎక్కువే పెట్టి ఉంటారు, కాబట్టి వచ్చే సర్వీసు దాకా నడిపేయొచ్చు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మొదటి అడుగులోనే తప్పు ఉంది: బోల్టులు చక్రాన్ని మోయవు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఒక చక్రానికి ఒక బోల్టు విరిగినా, సాగినా, మర చెడినా ఆ చక్రానికి ఉన్న బోల్టులన్నీ మార్చాలి. విరిగినదాని స్థానంలో ఒక్క కొత్తది వేసి ఊరుకోవడం పని ముగించినట్టు కాదు. బ్రేక్ ప్యాడ్లు అరుగుతాయని అందరికీ తెలుసు, వాటికోసం డబ్బు పక్కన పెట్టుకుంటాం. బోల్టు కూడా చెడే వస్తువే. అది ఎప్పుడు చెడిందో కళ్లు, వేళ్లు పెట్టి చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఆ చూడటమే ఎవరూ చేయడం లేదని నా బాధ.

చాలామంది ఊహలో చక్రం బోల్టుల మీద వేలాడుతూ ఉంటుంది. నిజానికి బోల్టు చేసే పని ఒక్కటే, రిమ్‌ను (టైరు ఎక్కే లోహపు చక్రాన్ని) హబ్‌కు (చక్రం తగిలించే, దాంతోపాటే తిరిగే కారు భాగానికి) అదిమి పట్టడం. ఆ అదుముడు వల్ల రెండు లోహపు ముఖాల మధ్య పుట్టే రాపిడే చక్రాన్ని కదలకుండా ఆపుతుంది. బ్రేకు తొక్కినా, మలుపు తిరిగినా, గుంతలో పడినా వచ్చే తోపుడంతా ఆ రాపిడి మీదే పడాలి. బోల్టు కాడ మీద అడ్డంగా పడకూడదు. పడిందంటే అప్పటికే పట్టు సడలిందన్నమాట.

ఆ పట్టు ఎంతో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో చాలావాటికి 14 మిల్లీమీటర్ల బోల్టు ఉంటుంది, దాన్ని 120 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పుడు బలంతో, బిగించమంటారు. పొడిగా ఉన్న మర మీద ఆ టార్క్‌కి ఒక్కో బోల్టు దాదాపు 43 కిలోన్యూటన్ల బలంతో, అంటే నాలుగు టన్నులకు పైగా, రిమ్‌ను అదుముతుంది. ఐదూ కలిపితే ఇరవై టన్నులు దాటుతుంది. అదే కారులో ఒక చక్రం మీద పడే బరువు నాలుగు వందల కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అంత తేడా ఎందుకంటే, ఆ ఇరవై టన్నుల అదుముడులో రాపిడిగా మారేది చిన్న భాగమే. మిగులు కనిపిస్తోంది కదా అని అందులోంచి తగ్గించుకోవడానికి లేదు.

ఈ బలం ఎక్కడినుంచి వస్తుంది? బోల్టు సాగడం నుంచి. బిగించినప్పుడు బోల్టు కాడ రబ్బరు బ్యాండులా కొద్దిగా సాగుతుంది, మళ్లీ పొట్టిగా అవ్వాలని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడే పట్టు. కానీ ఎంత సాగుతుంది? నేను లెక్క వేసి చూశాను. మామూలు అల్లాయ్ రిమ్ మందానికి ఆ సాగుడు 0.05 మిల్లీమీటర్ల దగ్గర తేలింది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు! చక్రం కారుని అంటిపెట్టుకుని ఉండటం అన్నది ఇంత సన్నని సాగుడు మీద ఆధారపడి ఉంది. రిమ్ మీద వేసే పౌడర్ కోటింగ్ పొర మందం దీనికంటే ఎక్కువే ఉంటుంది.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. రిమ్‌కి కొత్తగా రంగు వేయించి, హబ్‌కు ఆనే ముఖం మీద, బోల్టు కూర్చునే చోట కూడా రంగు వదిలేస్తే, బోల్టు బిగుస్తుంది. పెట్టిన కొలతకి చేరగానే టిక్కుమనే స్పానర్, టార్క్ రెంచ్, అది కూడా టిక్కుమంటుంది. తర్వాత వేడికీ ఒత్తిడికీ ఆ పొర నలిగి పక్కకు పోతుంది. 0.05 మిల్లీమీటర్లు పోతే బోల్టు సాగుడు మొత్తం పోయినట్టే. బోల్టు ఒక్క చుట్టు కూడా వెనక్కి తిరగకుండానే వదులైపోయింది. హబ్ మీద పేరుకున్న తుప్పు పొర, చక్రం మార్చేటప్పుడు మధ్యలో ఇరుక్కున్న మట్టి, ఇవన్నీ చేసే పని ఇదే.

ఇప్పుడు "నాలుగున్నాయిగా" అన్న మాట దగ్గరికి వద్దాం. ఐదింట్లో ఒకటి పట్టు వదిలితే ఆ వైపు రిమ్, హబ్ మధ్య ఒత్తిడి తగ్గుతుంది. చక్రం తిరిగే ప్రతి చుట్టులో ఆ చోటు ఒకసారి కిందికి, ఒకసారి పైకి వస్తుంది, ముఖాలు కంటికి కనపడనంతగా విడిపోయి కలుస్తుంటాయి. ఆ ఊగులాట భారమంతా అటూ ఇటూ ఉన్న రెండు బోల్టుల మీద పడుతుంది. సరిగ్గా బిగిసిన బోల్టు మీద బలం దాదాపు నిలకడగా ఉంటుంది. ఇనుము అలాంటి బలాన్ని ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. అదే బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఓర్చుకోలేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు చక్రం గంటలో సుమారు 40,000 చుట్లు తిరుగుతుంది. అంటే పక్క బోల్టులు గంటలో 40,000 సార్లు లాగి వదిలినట్టు. లోహం అలసిపోయి మర మొదలయ్యే చోట ఒక చీలిక పడుతుంది, రోజురోజుకీ లోపలికి పాకుతుంది, మిగిలిన భాగం ఒకరోజు ఒక్కసారిగా తెగుతుంది.

వదులవడం గురించి ఇంకో మాట. బోల్టు కాడ పొడవునా వచ్చే అదురుకంటే, అడ్డంగా వచ్చే జరుగుడే మరను ఎక్కువగా విప్పుతుందని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లోనే పరీక్షలు చేసి చూపించాడు. ముఖాలు పక్కకి జారడం మొదలైతే మరల్లోని రాపిడి బోల్టును ఆపలేకపోతుంది, అది తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. పాత క్రైస్లర్ కార్లలో ఎడమవైపు చక్రాలకు ఎదురు మర పెట్టేవాళ్లు, చక్రం తిరిగే దిశకి అది విప్పుకుపోకుండా ఉంటుందని. ఆ సంగతి తెలియక వాటిని ఇప్పబోయి ఇంకా బిగించి స్టడ్లు (హబ్‌లోనే బిగిసి ఉండి, పైన నట్టు ఎక్కే బోల్టులు) విరగ్గొట్టినవాళ్లు కోకొల్లలు. తర్వాత ఆ పద్ధతి మానేశారు. పట్టు సరిగా ఉంటే జారుడే ఉండదు, జారుడు లేకపోతే మర ఏ వైపుదైనా ఒకటే.

మా బావమరిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు విషయం చెప్తాను. హబ్‌లోకి నేరుగా బోల్టు దిగే రకం కారు అది. "బావా, టైర్లు మార్పించినప్పట్నుంచి నెమ్మదిగా వెళ్తుంటే ముందు ఎడమవైపు టక్‌టక్‌మంటోంది" అన్నాడు. సస్పెన్షన్ అనుకున్నాడు వాడు. నేను ముందు చక్రం చూస్తానన్నాను. బోల్టు రంధ్రాల చుట్టూ గోధుమ రంగు చారలు సన్నగా బయటికి పాకి ఉన్నాయి. వదులైన చోట లోహం లోహాన్ని రుద్దుకుని రాలిన పొడి అది. ఒక బోల్టుకి స్పానర్ పెట్టి కాస్త ఆనించానంతే, తల ఊడి సాకెట్లోనే వచ్చేసింది.

ఆ విరిగిన ముఖం ఇప్పటికీ కళ్లముందు ఉంది. అంచు నుంచి సగానికి పైగా నున్నగా, కాస్త నల్లబడి, ఇసుక మీద అల వెనక్కి పోయాక మిగిలే గీతల్లాంటి సన్నటి వంపులతో ఉంది. రెండో పక్క మాత్రం గరుకుగా, బూడిద రంగులో మెరుస్తోంది. నున్నటి భాగం ఎన్నాళ్లుగానో మెల్లగా చీలుతూ వచ్చినది. గరుకుది అప్పుడే తెగినది. అంటే ఆ బోల్టు అప్పటిదాకా సగం కంటే తక్కువ లోహంతో వేలాడుతోంది. మిగతా నాలుగూ విప్పాను. దాని పక్కనున్న ఒకదానికి మొదటి మర దగ్గర వెంట్రుకలాంటి గీత. ఇంకోదాని కాడ మధ్యలో సన్నబడి ఉంది. విప్పకముందు పైకి చూస్తే నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. "ఒకటే మార్చేద్దాం బావా" అని ఉంటే ఆ చీలిక పడ్డ బోల్టు కూడా కొత్తదాని పక్కన కూర్చునేది.

దానికి కారణం ఏమిటి? ఖచ్చితంగా ఆ ఒక్క కారుకి ఏం జరిగిందో చెప్పలేను గానీ, సన్నబడిన కాడ మాత్రం అతిగా బిగించడం వల్ల వచ్చేదే. టైర్ల పని చేసే చోట గాలి గన్ను పెట్టి ఢరఢరా కొట్టేయడం అందరూ చూసిందే. సాకెట్ తొడిగే కడ్డీ అర అంగుళం ఉండే గన్లలో చాలావాటికి 500 న్యూటన్ మీటర్లకు పైగా శక్తి ఉంటుంది. టొయోటా కార్లు చాలావాటికి చెప్పిన టార్క్ 103, హోండాకి 108. 12 మిల్లీమీటర్ల స్టడ్‌ను అంత శక్తితో కొడితే అది తిరిగి పొట్టిగా అవ్వగల హద్దు దాటి సాగుతుంది. ఒకసారి హద్దు దాటిన బోల్టు మళ్లీ మొదటి పొడవుకు రాదు. దాన్ని తర్వాత ఎంత శ్రద్ధగా, కొలత ప్రకారం బిగించినా ఏం లాభం? పనివాళ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. రోజంతా వరుసగా బండ్లు వస్తుంటే ఎవరైనా చేతికి అందిన పరికరమే వాడతారు. కానీ చక్రం మనది. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో చేయమని అడిగే హక్కూ, అవసరమూ మనకున్నాయి. ఇంట్లో మన సొంత టార్క్ రెంచ్ ఒకటి ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. షాపు నుంచి వచ్చాక ఇంటి దగ్గర రెంచ్ పెట్టి చూస్తే వెంటనే టిక్కుమంది, అంతా బాగుందనుకుంటాం. ఆ టిక్కు చెప్పేది ఇంతకంటే తక్కువ లేదని మాత్రమే. 120 ఉండాల్సిన చోట 300 ఉన్నా అదే టిక్కు. అందుకని నేను ఒక్కొక్క బోల్టునే వదులు చేసి, దాన్ని మళ్లీ కొలత ప్రకారం బిగించి, తర్వాతే పక్కదానికి వెళ్తాను.

బోల్టు బాగుందో లేదో చూడటానికి ల్యాబు అక్కర్లేదు. చక్రం విప్పినప్పుడు బోల్టును వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, వెలుతురులో పట్టుకుని, గోరుతో మర మీద అడ్డంగా గీయండి. ప్రతి మెట్టూ ఒకేలా తగలాలి. ఎక్కడైనా మెట్టు చదునుగా, పక్కకి వాలినట్టుగా, గరుకుగా తగిలితే అది పాడైనదే. మర మీద వెండిలా మెరిసే అతుకులు కనిపిస్తే లోహం లోహాన్ని చీల్చుకుంటోందని అర్థం. కొత్త బోల్టు ఒకటి పక్కన పెట్టి మర మీద మర ఆనించి చూస్తే ఇంకా తేలిక. రెండింటి మెట్లూ చివరిదాకా ఒకదాన్లో ఒకటి కూర్చోవాలి. మధ్యలో సందు కనపడిందంటే పాతది సాగింది. తర్వాత రిమ్‌కి ఆనే సీటు చూడాలి. అక్కడ చుట్టూ సమానంగా మెరుపు ఉండాలి. ఒక పక్కే మెరిసి, రెండో పక్క మసకగా ఉంటే బోల్టు వంకరగా కూర్చుంటోంది. ఇక అన్నిటికంటే మంచి పరీక్ష వేళ్లు. బోల్టు హబ్‌లోకి, లేదా నట్టు స్టడ్ మీదికి, చివరిదాకా వేళ్లతోనే తిరగాలి. మధ్యలో స్పానర్ కావాల్సి వచ్చిందంటే ఏదో ఒకటి చెడింది.

పైపైన తుప్పు ఉంటే కంగారు పడక్కర్లేదు, బ్రష్‌కి పోతుంది. తుప్పు తిని గుంటలు పడితే మాత్రం మార్చాలి, చీలికలు అక్కడి నుంచే మొదలవుతాయి. తుప్పు వదలాలని యాసిడ్‌లో వేయకండి. బాగా గట్టిపరిచిన ఉక్కులోకి యాసిడ్ వల్ల హైడ్రోజన్ చేరి పెళుసుగా మారే ప్రమాదం ఉంది. పైన స్టీలు రేకు తొడుగు ఉండే నట్లు మరో రకం తలనొప్పి. తొడుగు కింద తుప్పు పట్టి ఉబ్బి, స్పానర్ సరిపోదు, దారిలో పంక్చర్ అయినప్పుడు చక్రం ఊడిరాదు. అలాంటివి ఉంటే ఉబ్బకముందే ఒకే ముక్కతో చేసిన నట్లకి మారిపోవడం మేలు.

నా వాదనకి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. బాగున్న బోల్టుల్ని పారేయడం దండగ కాదా అంటారు. బాగున్నాయని ఎలా తెలిసింది? చీలిక మొదట్లో కంటికి కనపడదు. ఒకే చక్రానికున్న బోల్టులన్నీ ఒకే గన్ను దెబ్బ తిన్నాయి, ఒకే ఊగులాట ఓర్చుకున్నాయి. వాటిలో ఒకటి విరిగిందంటే మిగతావి దాని వెనకే వరుసలో ఉన్నాయని అనుకోవడమే న్యాయం. పైగా కొత్తది ఒకటి, పాతవి నాలుగు కలిపితే వాటి మరల్లో రాపిడి ఒకలా ఉండదు. మనం స్పానర్ మీద వేసే బలంలో సుమారు పదో వంతే బోల్టును సాగదీస్తుంది, మిగతా తొంభై శాతం తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. తుప్పు పట్టిన మరలో అది ఇంకా ఎక్కువ పోతుంది. అంటే ఒకే టార్క్‌కి కొత్త బోల్టు ఎక్కువ అదుముతుంది, పాతవి తక్కువ. జట్టు మొత్తం మారిస్తే ఈ గొడవే ఉండదు. నాలుగు చక్రాలవీ ఒకేసారి మార్చాలని మాత్రం నేను అనను. మిగతా మూడు చక్రాలవీ విప్పి చూడండి, వేళ్లతో తిరిగితే, మర నిండుగా ఉంటే ఉంచేయండి.

ఇంకొందరు మర కోసే పరికరం డై పెట్టి మర మళ్లీ కోసేస్తే సరిపోతుంది కదా అంటారు. చెడిన మరను డైతో కోస్తే అది బాగుపడదు, చెడిన లోహం పోతుందంతే. మిగిలిన మెట్లు పలచబడతాయి. మరలో దుమ్ము, తుప్పు శుభ్రం చేయడం వేరు, దానికి కోయని రకం పరికరం ఉంటుంది. హబ్‌లోని మరకి అది వాడటంలో తప్పు లేదు. కానీ హబ్ మర లోంచి లోహం తీగలా చుట్టలు చుట్టుకుని బయటికి వచ్చిందంటే ఇక ఆ హబ్ మార్చాల్సిందే. ఇన్సర్ట్ (లోపల కొత్త మర ఉండే చిన్న తొడుగు) వేసి నిలబెట్టే పద్ధతులు ఉన్నాయి, వాటిలో గట్టివీ ఉన్నాయి. ఇంజన్ మీది చిన్న బోల్టుకైతే నేనూ ఒప్పుకుంటాను. చక్రానికి మాత్రం ఒప్పుకోను.

కొత్త బోల్టులు కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సినంత ఇంకెక్కడా అవసరం లేదు. వ్యాసం, మర దూరం (మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం), సీటు ఆకారం, పొడవు, గట్టిదనం, ఇవన్నీ సరిపోవాలి. సుజుకీ కార్లలో సాధారణంగా 12 మిల్లీమీటర్ల వ్యాసానికి 1.25 మర దూరం, టొయోటా, హోండా, హ్యుందాయ్‌లలో చాలావాటికి అదే వ్యాసానికి 1.5. ఒకటి ఇంకోదానిలో రెండు మూడు చుట్లు హాయిగా దిగి, తర్వాత బిగుస్తుంది. అప్పుడు గన్ను పెట్టారో రెండూ నాశనం.

సీటు విషయం ఇంకా మోసగొండిది. కొన్నిటికి 60 డిగ్రీల కోను, కొన్నిటికి బంతిలాంటి గుండ్రటి సీటు, కొన్నిటికి వాషరుతో చదునైన సీటు. హోండా కంపెనీ రిమ్‌లకు గుండ్రటి సీటు నట్లు ఉంటాయి. బయట కొన్న అల్లాయ్‌లు ఎక్కువగా కోను సీటువి. ఆ రిమ్‌లకి కంపెనీ నట్లే వాడేస్తుంటారు. బిగుస్తాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ లోపల ముఖమంతా ఆనకుండా ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది. ఆ గీత నలిగితే పైన చెప్పిన 0.05 మిల్లీమీటర్లు పోయినట్టే. ఫోక్స్‌వ్యాగన్, మెర్సిడెస్ బోల్టులు రెండూ 14 మిల్లీమీటర్లు, 1.5 మర దూరం, గుండ్రటి సీటే అయినా ఒకదాని వంపు వ్యాసార్ధం 13, ఇంకోదానిది 14. పక్కపక్కన పెట్టినా కంటికి తేడా పట్టుబడదు. అందుకే చూపు మీద ఆధారపడకుండా కారు మోడల్, రిమ్ రకం రెండూ చెప్పి పార్ట్ నంబరు ప్రకారం తీసుకోవాలి.

పొడవు తక్కువైతే పట్టుకునే మరలు చాలవు. కనీసం బోల్టు వ్యాసమంత లోతు మర లోపలికి దిగాలన్నది మోటుగా ఒక లెక్క. 12 మిల్లీమీటర్ల బోల్టు, 1.5 మర దూరం అయితే ఎనిమిది చుట్లు. చేత్తో దించుతూ లెక్కపెట్టుకోవచ్చు. పొడవు ఎక్కువైతే మరీ ప్రమాదం. చివర హబ్ దాటి వెనక్కి పొడుచుకువెళ్లి డ్రమ్ములోని బ్రేకు భాగాలకో, సెన్సారుకో తగులుతుంది. అల్లాయ్ రిమ్ మందం వేరు, ఇనుప స్టెప్నీ మందం వేరు. కొన్ని కార్లకు స్టెప్నీ కోసం వేరే పొట్టి బోల్టులు ఇస్తారు. అవి డిక్కీలో ఉన్నాయో లేవో ఇవాళే చూసుకోండి.

గట్టిదనం తల మీద అచ్చు వేసి ఉంటుంది. చక్రం బోల్టులకు సాధారణంగా 10.9. ఇందులో 10 అంటే 1,000 మెగాపాస్కళ్ల ఒత్తిడి దాకా తెగకుండా ఓర్చుకుంటుందని, 9 అంటే అందులో 90 శాతం దాకా శాశ్వతంగా సాగదని. అచ్చు లేని బోల్టు ఎంత మెరిసినా వద్దు. 12.9 వేస్తే ఇంకా మంచిది కదా అని అడిగేవాళ్లున్నారు. ఎక్కువ గట్టిది ఎక్కువ పెళుసు కూడా. పైగా హైడ్రోజన్ దెబ్బకి మరీ సున్నితం. కారు తయారీదారు ఏది చెబితే అదే వేయాలి. రంగురంగుల అల్యూమినియం నట్లు రేసింగ్ వాళ్లకి వదిలేయండి. వాళ్లు వాటిని తరచూ తీసి చూసుకుంటారు.

పని విషయానికొస్తే, బోల్టు రకం కార్లలో మార్పిడి సులువు. పాతది విప్పి, హబ్ ముఖం, రిమ్ వెనక ముఖం బ్రష్‌తో రుద్ది, కొత్తది వేళ్లతో దించడమే. విరిగిన ముక్క హబ్‌లో ఉండిపోతే భయపడక్కర్లేదు. తల ఊడగానే లాగుడు పోతుంది కాబట్టి, తుప్పు పట్టకపోతే ఆ ముక్క చాలాసార్లు వెనకనుంచో ముందునుంచో పట్టుకుని తిప్పితేనే వచ్చేస్తుంది. మా బావమరిది కారులోది అలాగే వచ్చింది. రాకపోతే ఎడమకు తిరిగే డ్రిల్ బిట్టుతో మధ్యలో రంధ్రం చేస్తుండగానే సగంసార్లు అది తిరిగి బయటికి వస్తుంది.

స్టడ్ రకంలో ఓపిక కావాలి. స్టడ్ తల కింద ఉండే నిలువు గాడులతో హబ్‌లో వెనకనుంచి బిగిసి ఉంటుంది. సుత్తితో బాదితే వస్తుంది గానీ ఆ దెబ్బలన్నీ బేరింగ్ తింటుంది. నొక్కి తీసే ప్రెస్ క్లాంపు వాడటం మంచిది. కొన్ని కార్లలో వెనక జాగా లేక హబ్ విప్పాల్సి వస్తుంది, అక్కడ తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి. కొత్త స్టడ్ దింపేటప్పుడు పైన కొన్ని వాషర్లు, వాటి మధ్య కాస్త గ్రీజు, ఒక పాత నట్టు బోర్లా పెట్టి చేతి స్పానర్‌తో మెల్లగా లాగాలి. తల వెనక పూర్తిగా ఆనగానే చేతికి ఒక్కసారిగా గట్టిగా తగులుతుంది. అక్కడ ఆపి, వెనక వేలుపెట్టి తల సందు లేకుండా కూర్చుందో లేదో చూడాలి. గన్నుతో లాగితే కొత్త స్టడ్ మొదటి రోజే సాగిపోతుంది. గాడులు కొత్తవైనా స్టడ్ రంధ్రంలో తిరుగుతోందంటే రంధ్రం పెద్దదైంది, హబ్ మార్చాలి. అలా తిరిగే స్టడ్‌కి వెనక వెల్డింగ్ చుక్క పెట్టి పంపించేయడం నేను చూశాను. దీని గురించి మాత్రం గట్టిగా చెప్తాను: ఒప్పుకోకండి. 10.9 గట్టిదనం ఉక్కును కాల్చి చల్లార్చి తెచ్చినది. వెల్డింగ్ వేడికి అక్కడి గట్టిదనం పోయి, చుట్టూ పెళుసు పొర ఏర్పడుతుంది. దాని మీద నాలుగు టన్నుల లాగుడు వేయడం ఎవరి ప్రాణం మీదికి?

నూనె, గ్రీజు సంగతి. కారు పుస్తకంలో ప్రత్యేకంగా పూయమని ఉంటే తప్ప మరకి ఏదీ పూయకండి. చెప్పిన టార్క్ పొడి మరకి చెప్పినది. గ్రీజు పూస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కి బోల్టు మూడో వంతు దాకా ఎక్కువ లాగుడుకి గురవుతుంది. తుప్పు పట్టకూడదంటే హబ్ మధ్య వలయానికి, రిమ్ మధ్య రంధ్రం కలిసే చోట పలచగా పూస్తే చాలు.

బిగించడం తెలిసిందే, ఒకదాని పక్కనే ఇంకోటి కాకుండా నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా. చక్రం పైకెత్తి ఉండగానే అన్నీ వేళ్లతో, తర్వాత చేతి స్పానర్‌తో ఒక మోస్తరుగా, జాకీ దించాక చివరి కొలతకి టార్క్ రెంచ్‌తో. టిక్కుమన్నాక "ఇంకొంచెం" అని లాగకూడదు.

యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిపాక, చక్రాలు చల్లబడినప్పుడు అదే కొలతకి మళ్లీ రెంచ్ పెట్టాలి. కొత్త స్టడ్లు, కొత్తగా రంగు వేసిన రిమ్‌లు ఉంటే ఇది ఇంకా ముఖ్యం, అవి తప్పకుండా కొంత సర్దుకుంటాయి. మొదటిసారి బోల్టు కొద్దిగా తిరిగి టిక్కుమంటే సర్దుకున్నట్టే. ఇంకో వంద కిలోమీటర్ల తర్వాత చూసినా మళ్లీ తిరిగిందంటే ఇక బిగించుకుంటూ పోకండి, చక్రం విప్పండి. రిమ్ సీట్లలో రంగు మిగిలిందా, సీటు ఆకారం సరిపోయిందా, వదులుగా నడిచిన రోజుల్లో రిమ్ రంధ్రాలు కోడిగుడ్డులా సాగాయా చూడండి. రంధ్రం సాగిన రిమ్‌కి ఎన్ని కొత్త బోల్టులు వేసినా నిలవవు, ఆ రిమ్ కూడా మార్చాలి.